ఒకటే తలుపు

కొత్త ఇల్లు చూపించిన రోజున, ఆ ఇళ్ళు కట్టే కంపెనీ సూపర్‌వైజరు అన్నిటికంటే గొప్పగా చెప్పింది తలుపు గురించే. వంటగట్టు చూపించాడు, కుళాయిలు తిప్పి చూపించాడు, గచ్చు మీద బండరాళ్ళు కాలితో తట్టి చూపించాడు. చివరికి వీధి తలుపు మీద అరచేత్తో చరిచి, "ఒకటే తలుపు చెల్లెమ్మా. వెనక గుమ్మమే లేదు. కిటికీలన్నిటికీ ఇనప ఊచలు. లోపలికొచ్చినవాడు మళ్ళీ ఇటునుంచే పోవాలి. దొంగ వెధవ ఆలోచించుకోవాల్సిందే" అన్నాడు.

ఆ మాటకే ఆమె భర్త పడిపోయాడు. అతను బస్సు నడుపుతాడు. తెల్లవారకముందు వెళ్ళి దీపాలు పెట్టాక వస్తాడు. రోజంతా ఇంట్లో ఉండేది భార్య, ఇంకా పాకడం కూడా రాని పాప. ఆ భార్య చూడబోతే, వంటింట్లో గరిటె జారితే వీధిలోకి పరిగెత్తే రకం. ఆమెకు అతను పెట్టిన పేరు భయాల పుట్ట. ఆడపడుచు ఫోను చేసినప్పుడల్లా పాప ఎలా ఉందని అడగదు, "వదినా, ఇవాళ్టి భయమేంటి?" అని అడుగుతుంది. ఆమె కూడా నవ్వేది. నవ్వుతూనే వెళ్ళి తలుపు వేసిందో లేదో చూసుకొచ్చేది.

అలా ఆ ఒక్క తలుపును చూసుకుని ఇల్లు కొన్నారు. మళ్ళీ అద్దె ఇంటికి పోయే దారి లేనంతగా కొన్నారు.

దిగిన తర్వాత తెలిసింది, ఇల్లు కొత్తదే గాని చుట్టూ మనుషులు లేరని. వరస వెనక వరస, అన్నీ ఒకే తెలుపు, ఒకే మెట్లు, ఒకే తలుపు, అచ్చుగుద్దినట్టు. కాపురాలున్నవి ముందు వీధిలో మూడో నాలుగో ఉంటాయి. వీళ్ళ వరసలో వీళ్ళదే మొదటి దీపం. నంబరు పలకలు ఇంకా బిగించలేదు. గోడల మీద సుద్దతో రాసిన అంకెలు మొదటి వానకే కొట్టుకుపోయాయి. అందుకని ఇంటికి గుర్తు ఇసక కుప్ప. పాలవాడికి, గ్యాసు బండ తెచ్చేవాడికి, ఆడపడుచుకి అందరికీ అదే చెప్పారు, ఇసక కుప్ప ఉన్న ఇల్లు మాది అని. పని మనుషులు మాత్రం రోజంతా తిరుగుతూనే ఉండేవాళ్ళు. అందరి నెత్తినా పసుపు పచ్చ టోపీలే. వెనకనుంచి చూస్తే ఎవరు ఎవరో తెలిసేది కాదు.

మొదట తువ్వాలు. స్నానాలగదిలో ఆరిపోయి ఉండాల్సింది, మధ్యాహ్నం పట్టుకుంటే చల్లగా తడి తగిలింది. ఆ రోజు పాపకు సూది మందు వేయించడానికి వెళ్ళి వచ్చింది. పొద్దున తనే తడిపి మరిచిపోయి ఉంటుందని సర్దుకుంది. తర్వాత వారం దుకాణానికి వెళ్ళి వస్తే, మంచినీళ్ళ బిందె మీద గ్లాసు బోర్లించి ఉంది. ఆమె బోర్లించదు. బోర్లిస్తే అడుగున చెమ్మ పడుతుందని చిన్నప్పటినుంచీ అలవాటు లేదు. అది కూడా మింగేసింది.

మూడోది మింగుడు పడలేదు. గోడవార ఉండే ప్లాస్టిక్ కుర్చీ, ఆమె బయటికి వెళ్ళి వచ్చేసరికి, ఉయ్యాల పక్కన ఉంది. ఉయ్యాల వైపు తిరిగి ఉంది. పాప ఆమె చంకలోనే ఉంది, ఉయ్యాల ఖాళీగానే ఉంది. అయినా ఎవరో అక్కడ కూర్చుని ఆ ఖాళీ ఉయ్యాలని చూసి వెళ్ళినట్టు అనిపించి ఆమెకు ముచ్చెమటలు పోశాయి.

సాయంత్రం చెబితే భర్త అన్నం కలుపుకుంటూ నవ్వాడు. పాపకు పాలు పట్టడానికి నువ్వే లాక్కుని ఉంటావు, నిద్ర చాలక గుర్తుండటం లేదన్నాడు. "తలుపు తాళం వేసే ఉందిగా. కిటికీ ఊచల్లోంచి కుర్చీ జరపడానికి వచ్చాడంటావా?" అన్నాడు. ఏడో తరగతిలోనే బడి మానేసిన మనిషి, మాటల్లో అతని ముందు ఎప్పుడూ తేలిపోయేది. ఆ రోజునుంచి పాప నిద్రపోతున్నా రెప్ప వాల్చకుండా తలుపుకేసి చూస్తూ కూర్చోవడం అలవాటైంది.

ఇది ఇలా ఉండగా, ఒకరోజు ఉదయం పాప మంచి నిద్రలో ఉంది. చెత్త బుట్ట నిండి ఈగలు ముసురుతున్నాయి. వీధి మలుపులో చెత్త కుండీ. ఎంత, ఇలా వెళ్ళి అలా రావడమే అనుకుని, తలుపు తాళం వేసి, రెండుసార్లు లాగి చూసుకుని వెళ్ళింది. కుండీలో బుట్ట దులుపుతుండగా కంకర లారీ ఒకటి వచ్చి సందుకు అడ్డంగా నిలబడింది. డ్రైవరు దిగి ఎటో పోయాడు. ఆమె ప్రాణం ఇంటి మీదే ఉంది. పక్క సందులోంచి చుట్టు తిరిగి, ఇసక కుప్ప కనపడగానే పరుగులాంటి నడకతో వచ్చి, తాళం తీసి లోపలికి అడుగు పెట్టింది.

ఉయ్యాల లేదు.

ఉయ్యాలే కాదు, కుర్చీ లేదు, చాప లేదు, గోడ మీద గడియారం లేదు. ఇల్లు ఇల్లంతా ఊడ్చి పెట్టినట్టు ఉంది. పాపను పిలిచిన అరుపు ఖాళీ గోడలకు తగిలి ఆమె మీదకే తిరిగి వచ్చింది. గదిలోంచి గదిలోకి పరిగెత్తింది. వంటగట్టు మీద సున్నపు మరకలు. స్నానాలగదిలో కుళాయికి ఇంకా ప్లాస్టిక్ కాగితం చుట్టి ఉంది. ఆ కాగితం చూశాక గాని బుర్ర పని చెయ్యలేదు. తమ కుళాయికి కాగితం లేదు, భర్త దిగిన రోజే పీకేశాడు. గడియారం ఉండాల్సిన చోట మేకు కూడా లేదు. ఇది తమ ఇల్లు కాదు. ఇసక కుప్పని పొద్దున్నే ట్రాక్టరులో ఎత్తి ఈ వరసలో పోసినట్టున్నారు, బయల్దేరే హడావుడిలో ఆమె చూసుకోలేదు.

వరస దాటి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. తాళం తీసేసరికి పాప ఉయ్యాలలో పెదవులు చప్పరిస్తూ నిద్రపోతోంది. ఎత్తుకుని గుండెకు హత్తుకుని గోడకు జారగిలబడి కూర్చుంది. కళ్ళు తుడుచుకుని, ఎంత తెలివితక్కువదాన్ని అని తనను తనే తిట్టుకోబోతూ ఆగిపోయింది. చేతిలో తాళంచెవి ఉంది.

తమది కాని తలుపు తమ తాళంచెవితో ఎలా తెరుచుకుంది?

పాపను చంకన వేసుకుని పక్కింటి మెట్లెక్కింది. తాళంచెవి పెట్టింది. వెన్నలో కత్తి దిగినట్టు తిరిగింది. ఆ పక్కింటికీ వెళ్ళింది. అక్కడా తిరిగింది. ఇక తలుపు తోసి చూడటానికి ధైర్యం చాలలేదు. తన తాళంచెవి అందరి తలుపులూ తీస్తే, అందరి తాళంచెవులూ తన తలుపు తీస్తాయి. తడి తువ్వాలు, బోర్లించిన గ్లాసు, ఉయ్యాలకేసి తిరిగిన కుర్చీ, మూడూ ఒక్కసారిగా లోపలికి వచ్చి ఎదురుగా కూర్చున్నట్టయింది.

సాయంత్రం భర్త బస్సు డిపోలో పెట్టి వచ్చాక ఆమె వాదించలేదు. కాళ్ళు కడుక్కోనివ్వలేదు కూడా. చెయ్యి పట్టుకుని పక్కింటికి తీసుకెళ్ళి, అతని జేబులోని తాళంచెవి తీసి అతని చేతికే ఇచ్చి, పెట్టమంది. అతను ఇదేం కొత్త ఆట అన్నట్టు నవ్వుతూనే పెట్టాడు. తలుపు తెరుచుకుంది. నవ్వు సగంలో ఆగిపోయింది. తాళంచెవి బయటికి లాగి, మళ్ళీ పెట్టి తిప్పి చూశాడు.

మర్నాడు ఇద్దరూ కంపెనీ ఆఫీసుకు వెళ్ళారు. సూపర్‌వైజరు కుర్చీలు వేయించాడు, పాప బుగ్గ గిల్లాడు. కట్టేటప్పుడు పనివాళ్ళ సౌకర్యం కోసం అన్నిటికీ ఒకటే తాళంచెవి పెడతామని, ఇళ్ళన్నీ అమ్ముడయ్యాక ఒకేసారి మారుస్తామని, ఈలోగా తలుపుల మీద సొంతంగా చెయ్యి వేస్తే కంపెనీ పూచీ ఉండదని నెమ్మదిగా చెప్పాడు. భర్త తల ఊపుతున్నాడు. ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది.

"అలాంటి తాళంచెవులు ఎంతమంది దగ్గరున్నాయండీ?" అని అడిగింది.

"లెక్కేముందమ్మా, అందరూ మనవాళ్ళే" అన్నాడు సూపర్‌వైజరు. "నన్ను అన్న అనుకో. నేనుండగా నీకు భయమేంటి చెల్లెమ్మా?"

బయటికి వచ్చాక భర్త, చూశావా, పెద్దమనిషి ఎంత ఓపికగా చెప్పాడో అన్నాడు. ఆమె చూశానంది. చూసి, తాళం మారేదాకా పాపతో ఆ ఇంట్లో ఒక్కతే ఉండనని చెప్పింది. మరెక్కడుంటావంటే, మీ బస్సులో అంది.

అన్నంత పనీ చేసింది. మర్నాడు చీకటితోనే లేచి, పాప గుడ్డల సంచీ పట్టుకుని, డ్రైవరు సీటు వెనక సీట్లో కూర్చుంది. బస్సు వెళ్ళినంత దూరం వెళ్ళింది, వచ్చినంత దూరం వచ్చింది. కండక్టరు మొదటి ట్రిప్పులో మర్యాదగా ఊరుకున్నాడు. మూడో ట్రిప్పుకి, "చంటిదానికి టిక్కెట్టు లేదు గాని వదినగారూ, మీకు పాసు తీయించమంటారా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. భర్త చెవులు ఎర్రబడ్డాయి. ఆమె మాత్రం ఆ నవ్వుల మధ్య, అంతమంది మధ్య, చాలా రోజుల తర్వాత కళ్ళు మూసుకుని కునుకు తీసింది. అద్దంలో అది చూశాడు భర్త. ఏమనుకున్నాడో, సెలవు రోజు రాగానే అచ్చం పాతదానిలాగే కనపడే తాళం కొని, ఊళ్ళోంచి వడ్రంగిని తెచ్చి, చడీ చప్పుడు లేకుండా మార్పించాడు. కంపెనీవాళ్ళకు చెప్పొద్దన్నాడు. పాత తాళంచెవి పారెయ్యబోతే ఆమె పారెయ్యనివ్వలేదు. ఎందుకని అడిగితే తనకూ తెలియదంది.

నాలుగు రోజులు మామూలుగా గడిచాయి. భర్త మళ్ళీ నవ్వడం మొదలుపెట్టాడు. ఇప్పుడు హాయిగా ఉందా భయాల పుట్టగారూ అని అడిగి వెళ్ళాడు ఆ పొద్దున. హాయిగానే ఉందని ఆమె కూడా ఒప్పుకుంది.

మధ్యాహ్నం బట్టలు ఆరేసి, ఎండ ఎక్కువగా ఉందని కిటికీ పరదాలు లాగి, ఫ్యాను కింద పాపను పక్కలో వేసుకుని పడుకుంది. ఇంట్లో మనుషులున్నట్టు బయటికి తెలియనంత నిశ్శబ్దం. అప్పుడు మెట్ల మీద చెప్పుల చప్పుడయింది. తలుపు తట్టలేదు. తాళంలో తాళంచెవి దిగిన చప్పుడు.

ఆమె కదల్లేదు. తాళంచెవి తిరగబోయింది. ఆగింది. బయటికి వచ్చి, మళ్ళీ దిగింది. ఈసారి గట్టిగా తిప్పారు. తలుపు చెక్క సన్నగా కిర్రుమంది. ఆమె పాప నోటికి ఆనకుండా అరచెయ్యి దగ్గరగా పట్టుకుని ఉంది. చివరికి తాళంచెవి బయటికి వచ్చింది. చెప్పుల చప్పుడు మెట్లు దిగింది.

అప్పుడు లేచింది. పరదా అంచు వేలితో తప్పించి చూసింది. పసుపు పచ్చ టోపీ, వీపు. ఆ మనిషి కంగారు పడటం లేదు. సొంతింటికి పోతున్నట్టు పక్కింటి మెట్లెక్కి, అదే తాళంచెవితో తలుపు తీసుకుని లోపలికి వెళ్ళి వేసుకున్నాడు.

తరవాత చేసిన పని ఎవరైనా చెయ్యమంటే ఆమె చచ్చినా చెయ్యదు. పాపను ఒక్కదాన్నే వదలలేక చంకనేసుకుంది. చెప్పులు వేసుకోకుండా బయటికి వచ్చింది. ఎండకు మెట్లు కాలుతున్నాయి. కట్టేటప్పుడు గాలికి కొట్టుకోకుండా పెట్టినట్టుంది, ప్రతి తలుపుకీ బయట ఒక లావుపాటి గడియ ఉంది. పక్కింటి గడియ కొత్తది, రంగు పట్టి బిగిసి ఉంది. రెండు చేతులా నెట్టడానికి లేదు, ఒక చేతిలో పాప. బొటనవేలు గోరు విరిగేలా నెట్టింది. గడియ టక్కున పడింది.

లోపల అడుగుల చప్పుడు దగ్గరయింది. తలుపు ఒకసారి కదిలింది, ఆగింది, మళ్ళీ కదిలింది. అంతలో పాప ఊరుకోకుండా, ఎండ కళ్ళలో పడి కుయ్యిమంది.

తలుపు కదలడం ఆగింది. తర్వాత తలుపు చెక్కకు నోరు ఆనించి మాట్లాడుతున్నట్టు, మెల్లగా, ఓపికగా ఒక గొంతు.

"చెల్లెమ్మా, నువ్వేనా?"

ఆఫీసులో పాప బుగ్గ గిల్లిన చెయ్యి ఆమె కళ్ళముందు కదిలింది.

"గడియ పొరపాటున పడ్డట్టుంది. తియ్యమ్మా. నీళ్ళ పైపు చూద్దామని వచ్చాను."

ఒక్క మాట పలికినా, ఆ అన్న పిలుపుకి తన చెయ్యే లొంగి గడియ తీసేస్తుందేమోనని ఆమెకు భయం వేసింది. పాపను భుజం మీదికి జరుపుకుని, రెండో చేత్తో నడుమున దోపుకున్న ఫోను తీసి భర్తకు చేసింది. బస్సు హారన్లు, జనం గోల మధ్య అతను పలికాడు. ఎవరో తాళంచెవి పెట్టారని, పక్కింట్లో ఉన్నాడని, గడియ వేశానని, గొంతు సూపర్‌వైజరుదని చెప్పింది. చెబుతూ అతను నవ్వుతాడేమోనని ఎదురు చూసింది.

అతను నవ్వలేదు. ఫోనులోనే, బస్సు పక్కకు ఆపిన బ్రేకు చప్పుడు వినిపించింది.

"పోలీసులకు చెప్పి వస్తున్నా" అన్నాడు. అతని గొంతులో వణుకు ఆమె వినడం అదే మొదటిసారి. "నువ్వు ఇంట్లోకెళ్ళి తలుపేసుకో."

"వెళ్ళను" అందామె. "ఈ ఇంటికీ ఒకటే తలుపు."

లోపల ఊచల కిటికీ దగ్గరికి వెళ్ళిన అడుగులు మళ్ళీ తలుపు దగ్గరికి వచ్చాయి. మళ్ళీ చెల్లెమ్మా అన్నాడు, ఈసారి అంత ఓపికగా కాదు. తలుపు అదిరింది. ఆమె గడియ మీద చెయ్యి బిగించి పట్టుకుని, కాలే మెట్ల మీద ఒక కాలు మార్చి ఒక కాలు వేస్తూ, సందు చివరికేసి చూస్తూ నిలబడింది.