కుక్క నీళ్లు తాగిందా?

1979 ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ఆళ్లగడ్డ మిషన్ బడి టీచరు మరియమ్మ నంద్యాలలో పని ముగించుకుని, కాలవ గట్టు మీదుగా బస్టాండుకు నడుస్తోంది. పత్తి మిల్లుల వైపు నుంచి దూది పింజలు గాలిలో తేలి వచ్చి నీటి మీద వాలుతున్నాయి. వాటి మధ్య ఒక గోధుమరంగు తల కనిపించింది. కాలవ మెట్టు మీద ముందుకాళ్లు ఆనించి, పైకెక్కలేక, అరిచే ఓపిక కూడా లేక, ఒక కుక్క ఆమె వైపే చూస్తోంది.

మరియమ్మ కుచ్చిళ్లు ఎగదోపి రెండు మెట్లు దిగింది. మెడ పట్టి దాన్ని పైకి లాగింది. బస్సులో కండక్టరు గొణుగుతున్నా గోనెసంచిలో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. ఆళ్లగడ్డ చేరేదాకా నల్లమల కొండలు నీలంగా కిటికీ పక్కనే నడిచొచ్చాయి. కుక్క గుండె చప్పుడు ఆమె మోకాళ్లకు తెలుస్తూనే ఉంది.

పెళ్లి చేసుకోని మరియమ్మ ఇంట్లో అంతవరకూ మరో ప్రాణం లేదు. కుక్కకు పింజ అని పేరు పెట్టింది. సెలవులు వచ్చేదాకా అది నీరసంగా ఇంట్లోనే పడుండేది. వేసవి సెలవులంతా ఇద్దరూ ఒకే నీడలో నిద్రపోయారు.

జూన్‌లో బడి తెరిచారు. పింజ వెంటపడి బడికి వస్తే పిల్లలు బెదిరారు. మర్నాడు మరియమ్మ దాన్ని పెరట్లో గుంజకు పొట్టి తాడుతో కట్టేసి వెళ్లింది. మధ్యాహ్నానికి నీడ జరిగిపోయింది. తాడు మెడకు చుట్టుకుంది. పక్కింట్లో రాతి విగ్రహాలు చెక్కే మద్దిలేటి దాని మూలుగు విని, గోడ దూకి ముడి విప్పబోయాడు. భయంతో అది అతని కుడిచేయి కొరికింది.

సాయంత్రం మరియమ్మ వచ్చేసరికి మద్దిలేటి చేతికి గుడ్డ కట్టి ఉంది. అతని భార్య ఓబులమ్మ వాకిట్లోనే నిలబడింది.

"చూడు టీచరమ్మా! ఆ చేత్తోనే మేం కూడు తింటాండేది!"

"తప్పు దానిది గాదక్కా, నాది. పొట్టి తాడుతో ఎండలో కట్టేసి పోతి."

వీధిలో వాళ్లు కుక్కను చంపెయ్యమన్నారు. నంద్యాల డాక్టరు మాత్రం మద్దిలేటికి బొడ్డు చుట్టూ సూదులు మొదలుపెట్టి, "కుక్కను చంపొద్దు. పది రోజులు కళ్లెదుట పెట్టుకోండి. అది బాగుంటే సూదులు ఆపేస్తాను. నీళ్లు తాగకపోతే పిచ్చి లక్షణం కావచ్చు, వెంటనే చెప్పండి" అన్నాడు.

మరియమ్మ సెలవు పెట్టింది. పొద్దున్నే సూది కోసం నంద్యాల పోయే మద్దిలేటి దంపతులకు అన్నం క్యారియరు కట్టిచ్చి బస్సెక్కించేది. పగలంతా పింజ ఎదుట కూర్చునేది. పక్కింట్లో ఉలి చప్పుడు ఆగిపోయాక ఆ పగళ్లు నీళ్లలోంచి చూసినట్టు మసకగా, మెల్లగా కదిలేవి. సాయంత్రం గోడ అవతలి నుంచి మద్దిలేటి అడిగేవాడు.

"తాగిందా?"

"తాగిందన్నా."

ఐదో రోజు పింజ గిన్నె దాకా వచ్చి, మూతి తిప్పుకుని వెనక్కి పోయింది. మరియమ్మ గిన్నెను దాని మూతి దగ్గరికి జరిపినా ముట్టలేదు. సాయంత్రం అతను అడగ్గానే అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది.

"తాగలేదన్నా."

మద్దిలేటి గుడ్డ కట్టిన చేతిని గోడ మీద ఆనించాడు. "రేపు డాక్టరుకు చెప్తా. నిజం చెప్తివి, అదే మేలు" అని లోపలికి పోయాడు.

అంతలో కొండల మీదినుంచి వాన దిగింది. పింజ వాకిట్లోకి నడిచి, తల ఎత్తి, చినుకుల్ని నాలుకతో పట్టుకుంది. తర్వాత గుంటలో నిలిచిన నీళ్లను గటగటా తాగింది. మరియమ్మ పరుగెత్తి గిన్నె ఎత్తి వాసన చూసింది. శుభ్రంగా ఉండాలని పొద్దున దాన్ని తనే ఫినాయిలుతో కడిగింది!

"అన్నా! తాగుతాంది! బేగా రా!"

మద్దిలేటి, ఓబులమ్మ వానలోనే గోడ దగ్గరికొచ్చారు. ముగ్గురూ తడుస్తూ ఒక కుక్క నీళ్లు తాగడం చూస్తూ నిలబడిపోయారు.

పది రోజులు దాటాయి. డాక్టరు సూదులు ఆపేశాడు. మరియమ్మ పింజను నంద్యాల పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లి టీకా వేయించింది. పెరట్లో చిన్న పందిరి వేయించి, పొడుగు తాడు కొంది. బడికి బయల్దేరుతుంటే ఓబులమ్మ అడ్డం వచ్చింది.

"దాన్ని ఒంటిగా యాడ కట్టేస్తావు? మా తావ ఇడిసిపో. ఆయప్ప చూస్తాంటాడులే."

ఆ సాయంత్రం మరియమ్మ వచ్చేసరికి, ముక్కూ కళ్లూ ఇంకా తేలని రాతి బొమ్మల మధ్య, ఒళ్లంతా తెల్లటి పొడితో పింజ నిద్రపోతోంది. దాన్ని లేపడానికి ఆమెకు మనసు రాలేదు. చెప్పులు విడిచి పక్కనే కూర్చుంది.