తడి బొటనవేలు

సానరాయి మీద అద్దం అంచు గరగరమని అరుగుతోంది. కళ్ళజోళ్ళ షాపు ఫిట్టింగ్ మాస్టారు తల ఓ పక్కకు వంచి ఆ చప్పుడు వింటున్నారు. గరగర పోయి సన్నగా ఈల వినిపించగానే రాయి ఆపి, బొటనవేలు నాలికకు అద్దుకుని అద్దాన్ని తుడిచారు. ఫ్రేములో బిగించి, ఎప్పటిలాగే ఆ జోడు తాను పెట్టుకుని వీధిలోకి చూశారు. ఎదురుగా మందులషాపు ఉబ్బిపోయింది. నడిచేవాళ్ళంతా నీళ్ళలో ఈదుతున్నారు.

"పాపం, ఈ జోడు గలావిడ ఇన్నాళ్ళూ కూరలు ఎలా తరిగిందో!" అనుకున్నారు.

పెళ్ళికి ముందు నుంచీ అదే పని, అదే ముక్కాలిపీట. ఈ పేటలో సగంమంది ముఖాలు ఆయనకు గుర్తుండవు గానీ వాళ్ళ చూపు గుర్తుంటుంది. ఎవరికి లోకం ఎలా కనిపిస్తుందో చూడడం ఆయనకున్న ఒకే ఒక్క వ్యసనం. "పేకాటైనా నయం, మధ్యలో ఇంటికొస్తారు" అంటుంది భార్య.

ఇప్పుడు చూడడానికి జోళ్ళే కరువయ్యాయి. చేతుల్లో డబ్బాడని రోజులు. విరిగిన కాడలకు దారం చుట్టుకుని నెట్టుకొస్తున్నారు జనం. కొనేవాళ్ళేమో గంటలో చేతికిచ్చే పెద్ద షాపుకు పోతున్నారు. పాత యజమాని కొడుకు, ఇప్పటి యజమాని, ఈగలు తోలుకుంటూ కూర్చోలేదు. షాపులో పక్క గది అద్దెకిచ్చేశాడు. ఇళ్ళకే వెళ్ళి చూపు పరీక్ష చేస్తున్నాడు. వారం క్రితం ఓ మిషన్ తెప్పించాడు. అందులో ఓ సూది ఫ్రేము లోపలంతా తడుముతుంది, తెరమీద బొమ్మ గీస్తుంది, ఆ బొమ్మ ప్రకారం లోపల నీళ్ళు చిమ్ముకుంటూ అద్దాన్ని తనే కోస్తుంది. నచ్చకపోతే ఇవాళ సాయంత్రంలోగా తిరిగి పట్టుకుపోతామన్నారు కంపెనీవాళ్ళు.

"కొత్తొక వింత, పాతొక రోత. అది కుదురుకుందంటే మిమ్మల్ని ఇంట్లో కూర్చోబెడతారు, తెలుసా?" అంది భార్య పొద్దున.

"తెలుసే. కానీ ఆ సూది చూడాలి నువ్వు! గుడ్డివాడు ముఖం తడిమినట్టు తడుముతుంది" అన్నారు మాస్టారు. ఆవిడ నెత్తి కొట్టుకుంది.

ఆవిడ భయం ఆయనకూ లేకపోలేదు. కానీ మిషన్ కుదురుకోవడం లేదు. రోజూ ఆయనే అద్దం తుడిచి, మిషన్ పట్టుకోవడానికి దానిమీద జిగురుబిళ్ళ అంటించి ఇస్తారు. యజమాని మిషన్‌లో పెడతాడు. కోత అద్దంలా నున్నగా వస్తుంది, కానీ మిషన్ లోపల అద్దం ఓ పిసరు పక్కకు తిరిగిపోతుంది. ఆ జోడు పెట్టుకుంటే నేల వాలిపోయి కనిపిస్తుంది. ఇవాళా అంతే. పాడైన అద్దాన్ని బల్లమీద పడేసి, "మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టుంది. తీసుకుపొమ్మంటాను" అని యజమాని ఫోన్ పట్టుకుని వీధిలోకి వెళ్ళాడు.

మాస్టారు ఊరుకోలేకపోయారు. పాడైన అద్దం మీది జిగురుబిళ్ళను మెల్లగా ఊడదీసి వెలుతురుకు పట్టారు. జిగురులో వేలిముద్ర. గీత గీతా స్పష్టంగా, తన బొటనవేలిదే.

రాయి మీద పనికి నాలికకు అద్దుకున్న ఆ తడి కావాలి, అద్దం వేళ్ళలోంచి జారకుండా పట్టిస్తుంది. జిగురు కింద అదే తడి అద్దాన్ని జార్చేస్తోంది. నవ్వొచ్చింది. అంతలోనే వీధిలో ఫోన్ పట్టుకున్న యజమాని వైపు చూశారు. ఈ ముద్ర సంగతి తనకు తప్ప ఎవరికీ తెలియదు. నోరు మెదపకపోతే సాయంత్రానికి మిషన్ పోతుంది, పీట ఉంటుంది. షాపు మాత్రం ఎన్నాళ్ళుంటుందో!

చొక్కా అంచుతో వేలు బాగా తుడుచుకుని, పొడి అద్దం మీద కొత్త బిళ్ళ అంటించి, మిషన్‌లో పెట్టి మీట నొక్కారు. బయటికొచ్చిన అద్దం ఫ్రేములో టక్కున కూర్చుంది. పెట్టుకుని చూస్తే నేల నేలలాగే ఉంది.

"బాబూ, ఫోన్ చెయ్యకండి!" అని వీధిలోకి కేకేశారు. "తప్పు మిషన్‌ది కాదు, నా వేలిది."

యజమాని ఆ జోడును అటూ ఇటూ తిప్పి చూశాడు. సంతోషించాలో లేదో తెలియని ముఖంతో నిలబడ్డాడు.

"చెప్పకుండా ఉండాల్సింది మాస్టారూ. మిషన్‌కీ మీకూ కలిపి పని చూపించలేనని మీకు తెలుసు కదా."

"తెలుసు బాబూ. కానీ ఎందుకు తప్పుతోందో తెలిశాక తెలియనట్టు కూర్చోవడం నావల్ల కాదు. నిద్ర పట్టదు."

సాయంత్రం దాకా ఆయనే మిషన్ నడిపారు. ఒక్కో జోడూ పెట్టుకుని వీధిని చూశారు. బాధగానే ఉంది. ఆ సూది తిరుగుతుంటే మాత్రం ప్రతిసారీ ముందుకు వంగారు. చీకటి పడకముందే చెప్పులు వేసుకున్నారు.

"అప్పుడప్పుడూ వస్తుండండి" అన్నాడు యజమాని.

"రాకుండా ఉంటానా? లోపల ఆ నీళ్ళు ఎటు పోతున్నాయో ఇంకా చూడనేలేదు."

మర్నాడు యజమాని ఒక్కడే షాపు తీశాడు. ఇంటింటికీ తిరిగి తెచ్చిన ఆర్డర్లలో మొదటి అద్దం పట్టుకుని మిషన్ దగ్గరికి వెళ్ళాడు. జిగురుబిళ్ళల డబ్బా మీద మాస్టారి జేబురుమాలు ఉంది, వేలు తుడుచుకోవడానికి, పొడిగా, నాలుగు మడతలు పెట్టి.