మిషను బాగు చేయించేది ఎవరు

మా తమ్ముడికి తెలివి ఎక్కువ. దాన్ని ఎక్కడ ఆపాలో మాత్రం తెలియదు. పన్నుల కేసుల్లో కోర్టులిచ్చే కొత్త తీర్పుల్ని విప్పి చెప్పడం వాడి పని. ఆడిటర్లు, పన్ను సలహాదారులు డబ్బు కట్టి మరీ వచ్చి వింటారు. ఏ తీర్పులో ఏ పేరాలో ఏముందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడని అందరూ వాణ్ణి పేరాల మాస్టారు అంటారు.

నా కేసు వాదించేదీ వాడే. ఆ రోజు తన క్లాసుకి నన్నూ రమ్మన్నాడు. "నీ కేసు గెలిచినట్టే అక్కా. వచ్చి నీ చెవులతో నువ్వే విను," అన్నాడు.

నాది యూనిఫారాలు కుట్టించే షాపు. బట్ట కత్తిరించి పంపిస్తే ఆడవాళ్ళు ఇళ్ళ దగ్గరే కుట్టి తెచ్చిస్తారు. మిషన్లు వాళ్ళవే, కూలి ముక్కకింత అని. కేంద్ర పన్నుల శాఖ మాత్రం వాళ్ళంతా నా ఉద్యోగులేననీ, వాళ్ళ జీతాల్లోంచి ఇన్నేళ్ళూ పట్టుకుని కట్టాల్సిన పన్నంతా ఇప్పుడు నేనే కట్టాలనీ అంటోంది. అదే ఖాయమైతే షాపు అమ్మినా సరిపోదు. ఆ నోటీసు వచ్చినప్పటి నుంచి మావారు అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతున్నారు.

తమ్ముడు చెప్పిన తీర్పు అచ్చం నాలాగే ఇళ్ళ దగ్గర చెప్పులు కుట్టించే ఒకాయనది. పనిముట్లు ఎవరివైతే వాళ్ళు సొంత పని చేసుకుంటున్నట్టే లెక్క అంది పెద్ద కోర్టు. ఆయన గెలిచాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అక్కడితో వాడు నోరు మూసుకుని కూర్చుని ఉంటే ఎంత బాగుండేది.

కూర్చోడు. ఏ తీర్పు చెప్పినా చివర్లో ఓడినవాళ్ళ తరఫున తనే వాదించడం వాడి అలవాటు. వాళ్ళు ఎక్కడ తడబడ్డారో, ఏం అడిగి ఉంటే గెలిచేవారో చూపిస్తాడు. అది వినడానికే జనం లేవకుండా కూర్చుంటారట.

"శాఖ లాయరు మిషను ఎవరిదని అడిగి ఊరుకున్నాడు," అన్నాడు నవ్వుతూ. "పాడైతే బాగు చేయించేది ఎవరని అడగలేదు. మరమ్మతు ఖర్చు యజమానిదైతే, మిషను ఎవరి పేరున ఉన్నా పెత్తనం యజమానిదే, కుట్టేవాళ్ళు అతని ఉద్యోగులే. పన్నెండో పేరా చూడండి. ఆ ప్రశ్నకి జడ్జిగారు తలుపు తెరిచే ఉంచారు."

పెన్నులు గబగబా కదిలాయి. మా వాళ్ళ మిషన్లు బాగు చేయించేది నేనే. బెల్టు తెగినా, సూది విరిగినా నా మెకానిక్కే వెళతాడు. మిషను ఆగితే ఆ ఇంట్లో పొయ్యి ఆగుతుంది, చూస్తూ ఎలా ఊరుకుంటాను? ఖర్చుల్లో మరమ్మతులని ఉంటే షాపులో ఉన్న మిషన్లకేనని తమ్ముడు అనుకున్నాడు. వాడు నా కాగితాలన్నీ చదివాడు గానీ నా షాపులో ఏనాడూ ఓ పూట కూర్చోలేదు.

చివరి వరసలో బూడిదరంగు కోటు వేసుకున్న ఒకాయన ఏమీ రాసుకోవడం లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని తమ్ముడినే చూస్తున్నాడు. నెమ్మదిగా లేచి, "ఆ చివరి మాట ఇంకోసారి చెబుతారా మాస్టారూ?" అని అడిగాడు.

తమ్ముడు ఇంకోసారి చెప్పాడు. ఈసారి ఇంకా బాగా చెప్పాడు.

బయటికొచ్చాక మెకానిక్కు సంగతి చెబితే వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. తేరుకుని, "ఎవరూ అడగరులే అక్కా. అడగాలని వాళ్ళకి తోచాలి కదా," అన్నాడు.

"తోచేలా నువ్వే చెప్పావుగా. ఆ కోటాయన ఎవరు?"

"ఎవరో ఆడిటరై ఉంటాడు."

విచారణ రోజు ఆ ఆడిటరు మాకన్నా ముందే వచ్చి, శాఖ లాయర్లు కూర్చునే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తమ్ముడికి ఎంతో మర్యాదగా నమస్కారం పెట్టాడు.

తమ్ముడు చెప్పులాయన తీర్పు చదివాడు. బల్ల అవతల అధికారి తలాడించాడు. అప్పుడు కోటాయన కుర్చీ నా వైపు తిప్పుకున్నాడు.

"మిషన్లు వాళ్ళవేనని ఒప్పుకుంటున్నాం అమ్మా. పాడైతే బాగు చేయించేది ఎవరు?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. వాళ్ళే చేయించుకుంటారండీ అంటే చాలు, షాపు నిలబడుతుంది.

"తొందరేం లేదు," అన్నాడాయన మెత్తగా. "మీ మెకానిక్కుని మేం పిలిపించాం, బయట బెంచీ మీదే ఉన్నాడు. మీకు గుర్తు లేకపోతే అతన్ని పిలుద్దాం."

తమ్ముడి వైపు చూశాను. వాడు నన్ను చూడలేక పన్నెండో పేరా చూస్తున్నాడు. తమ్ముడని కూడా చూడకుండా ఆ కాగితాలు లాక్కుని చింపేయాలనిపించింది.

"నేనే చేయిస్తాను," అన్నాను. అధికారి అది రాసుకున్నాడు.

వరండాలో తమ్ముడు నా పక్కనే నడుస్తూ, "ఓడిపోయినా పై కోర్టుకి వెళదాం," అన్నాడు. "ఈలోగా మరమ్మతులు మాత్రం మానెయ్యి అక్కా. ఇకమీద ఒక్క మిషను బాగు చేయించినా పాత ఏళ్ళ పన్నుకి ఈ ఏడాదిదీ తోడవుతుంది."

షాపుకి వచ్చేసరికి కాలర్లు కుట్టే పొడుగామె గుమ్మం దగ్గర కూర్చుని ఉంది. మిషను తల గుడ్డలో చుట్టి మోసుకొచ్చింది. చెమటకి జాకెట్టు వీపుకి అంటుకుపోయింది.

"నిన్నటి నుంచి ఊరికే దారం తెగుతోంది అక్కా. మెకానిక్‌కి చెప్పవా? నీ ఆర్డరు రేపే ఇవ్వాలి కదా."

"ఇకమీద నువ్వే చేయించుకోవాలి," అన్నాను.

వేళాకోళం అనుకుని నవ్వింది. నేను మళ్ళీ అదే మాట అన్నాను.