దేవిదాస్ సంతకం

బోధన్‌లో గిన్నెలకు కళాయి పోసే జలీల్‌కు ఒక్కతే కూతురు, జకియా. తెలుగు బడిలో చదువుకుంది. నిజామాబాద్ వారపత్రిక చివరి పేజీలో వచ్చే నాలుగు గడుల బొమ్మకథ చూసినప్పుడల్లా ఇంతకంటే బాగా తాను రాయగలననుకునేది. బొమ్మ వేయడం మాత్రం చేతకాదు.

1968లో ఆ పత్రికకు బొమ్మలు వేసే దేవిదాస్, జలీల్ దుకాణానికి బోర్డు రాయడానికి వచ్చాడు. చాయ్ తాగుతున్న అతని ముందు జకియా ఒక కాగితం పెట్టింది.

"మాటలు నేను రాసిన. బొమ్మ నువ్వు వెయ్యన్నా."

అతను చదివి తల ఊపాడు. "గిన్ని మాటలైతే బొమ్మకు జాగేడుంటది చెల్లె? సగం కొట్టెయ్. ఆఖరి గడిల ఒక్క ముక్కనే ఉండాలె."

ఆ మాటను ఆమె పాఠంలా పట్టుకుంది. రాసింది, కొట్టేసింది, మళ్లీ రాసింది. మరాఠీలో తిట్టి తెలుగులో బేరమాడే గాజులామె, కండక్టర్‌తో సీటు పంచుకున్న మేక, పెళ్లికొడుకు కంటే ముందు విడిదికి చేరిన వంటవాడు. ఎవరు ఎక్కడ నిలబడాలో, ఏ మొహం పెట్టాలో కూడా రాసి టపాలో పంపేది. అన్నీ అచ్చయ్యాయి. హోటళ్లలో జనం పేపరు తెరవగానే చివరి పేజీ తిప్పేవారు. కింద పేరు మాత్రం ఒకటే, దేవిదాస్.

"కొత్త పేరంటే సేటు ఒప్పుకోడు. జర ఆగు, నీ పేరు గూడ ఎక్కిస్త" అన్నాడతను. జకియా రెండేళ్లు ఆగింది. ఆ తర్వాత తండ్రిని వెంటబెట్టుకొని నిజామాబాద్ వెళ్లింది.

ప్రెస్సులో పత్రిక యజమాని చంద్రయ్య, దేవిదాస్ ఇద్దరూ ఉన్నారు. ఆ కథలు రాస్తున్నది తానేనని జకియా చెప్పింది. చంద్రయ్య దేవిదాస్ వైపు చూశాడు.

"ఎరుకైనోళ్ల బిడ్డ సేటూ. నా బొమ్మలంటే పానం" అన్నాడు దేవిదాస్ తడుముకోకుండా. "ఇంట్ల ఉర్దూ మాట్లాడే పిల్ల. తెలుగుల నవ్విచ్చుడు ఈమెకేడొస్తది?"

చంద్రయ్య పకపకా నవ్వాడు. ఏం చేయాలో తోచక జలీల్ కూడా నవ్వాడు. తండ్రి నవ్విన ఆ నవ్వు జకియాను కాల్చింది.

"పోనీ బేటీ, మర్చిపో" అన్నాడు జలీల్ బస్సులో.

"నేను మర్వ అబ్బా" అంది.

ఇంటికి వచ్చి దేవిదాస్‌కు తప్పయిందని కార్డు రాసింది. మరికొన్ని మంచి కథలు పంపింది. అతను నిశ్చింతగా ఉన్నాడని తేలాక, చెరుకు కోతల కాలంలో ఇంకో కథ పంపింది.

అది బోధన్‌లో అందరికీ తెలిసిన సంగతి. కొన్నేళ్ల కిందట చంద్రయ్య అక్కడి చెరుకు రైతుల సొసైటీ ఎన్నికలో నిలబడ్డాడు. చెరుకు బండెక్కి ఉపన్యాసం ఇస్తుంటే ఎద్దులు అలవాటు కొద్దీ ఫ్యాక్టరీ దారి పట్టి, అతన్ని చెరుకుతో సహా బండ్లు తూచే కాంటా మీదికి చేర్చాయి. ఎన్నిక పోయింది, ఆ నవ్వు పోలేదు. నిజామాబాద్‌లో ఆ మాట ఎత్తే ధైర్యం ఎవరికీ లేదు గనుక దేవిదాస్‌కు తెలియదు. సేటు చివరి పేజీ చూడనే చూడడని, అదంతా తన రాజ్యమని దేవిదాసే ఒకసారి గొప్పగా చెప్పుకున్నాడు.

అతను ముచ్చటపడి బొమ్మ గీశాడు. బండి మీద నాయకుడు, నడిచిన ఎద్దులు, కాంటా. ఆఖరి గడిలో కాంటా గుమాస్తా అంటాడు: "బరువుంది, రసం లేదు."

పేపరు వచ్చిన రోజే కాంటా దగ్గర బండ్ల వరుసంతా ఆ ముక్క పాకింది. వర్నిలో ఒక పెళ్లికి వెళ్లిన చంద్రయ్యను భోజనాల దగ్గర ఎవరో అడిగారు, "సేటూ, ఎంత తూగినవ్?" అని. తెల్లారేసరికి దేవిదాస్‌కు ప్రెస్సు తలుపు మూతపడింది. చంద్రయ్యకు వెరచి ఊళ్లో బోర్డులు రాయించేవాళ్లూ మొహం తిప్పుకున్నారు.

అతను బోధన్ వచ్చాడు. దుకాణం ముందు నిలబడి చేతులు జోడించాడు.

"నువ్వు రాసినవని సేటుకు ఒక్క మాట చెప్పు చెల్లె."

"నేనేడ రాస్త అన్నా? ఇంట్ల ఉర్దూ మాట్లాడేదాన్ని."

"ఇగ సంది నీ పేరే పెట్టిపిస్త. ఒట్టు."

"కింద సంతకం నీదే గద."

జలీల్‌కు జాలేసింది. "చెప్పరాదా బేటీ" అన్నాడు మెల్లగా. జకియా కదల్లేదు. దేవిదాస్ బస్టాండు వైపు నడిచిపోతుంటే కనుమరుగయ్యేదాకా చూసింది. ఆమెకు హాయిగా ఉంది. ఆ హాయి చాలా రోజులు ఉంది.

కొన్నాళ్లకు హైదరాబాద్‌లోని ఒక మాసపత్రికకు కథ పంపితే, ఇదివరకు అచ్చయినవి చూపమన్నారు. అచ్చయినవన్నీ దేవిదాస్ పేరు మీదే ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కటి తనదన్నా ఆ ఆఖరి కాంటా కథ కూడా తనదనాలి. జకియా అన్నిటినీ వదులుకుంది. ఏమీ అచ్చు కాలేదని జవాబు రాసి మొదటి నుంచి మొదలుపెట్టింది. ఏడాది గడిచాక ఒకటి వచ్చింది, వేరెవరో వేసిన బొమ్మలతో. "మాటలు: జకియా, బోధన్" అని కింద చిన్న అక్షరాలు. ఎలా ఉందని తండ్రి అడిగితే, మేక కథ ఇంతకంటే మంచిదంది.

దేవిదాస్ బాల్కొండలో లారీలకు రంగులేస్తున్నాడని విన్నది. ఒకసారి అటు పోతుంటే బస్సు రోడ్డు పక్కన ఆగింది. లారీ వెనక పీట వేసుకొని, నెరిసిన తలతో అతను నంబరు రాస్తున్నాడు. తలెత్తి బస్సు వైపు చూశాడు.

జకియా కిటికీ రేకు దించుకుంది.