యానాం సెట్టు, మా వాడి గడ్డం

మా అబ్బాయి మంగరాజుకి గ్యాసు కంపెనీలో ఉద్యోగం వచ్చిందని తెలిసిన పూట నేను సంతోషించిన మాట నిజమే. కానీ ఆ సంతోషం పొయ్యి మీద పాలు పొంగే లోపలే అయిపోయింది. గురువారం పొద్దున్న వచ్చి ముఖానికి మాస్కు పెట్టుకుని చూపించాలట. మాస్కు రబ్బరు అంచు చర్మానికి అతుక్కోవాలట. గడ్డం ఉంటే అతుక్కోదు కాబట్టి, గడ్డంతో వచ్చినవాణ్ణి గేటు దగ్గరనుంచే వెనక్కి పంపేస్తారట.

మా వాడికి గడ్డం ఉంది. అలా ఇలా కాదు, రాజోలు బస్సులో కండక్టరు ఎవరో సాధువనుకుని సీటు ఇప్పించేంత. కోడలు జ్యోతికి నెల తప్పిందని తెలిసినప్పటినుంచీ పెంచుతున్నాడు. మా ఇళ్ళల్లో పెళ్ళాం కడుపుతో ఉంటే మొగుడు క్షౌరం చేయించుకోకూడదు. ఇప్పుడు ఎనిమిదో నెల.

నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. జ్యోతికి అంతకుముందు ఏడాది కడుపు నిలవలేదు. కారణమేమీ లేదని డాక్టరమ్మ చెప్పింది. కారణం లేదంటే నాకు మరీ భయం. ఉంటే దాన్ని కాచుకుని ఉండొచ్చు కదా. అందుకని ఈసారి దేన్నీ వదలలేదు. గ్రహణానికి ఆ పిల్లని మంచం దిగనివ్వలేదు, ఐనవిల్లి వినాయకుడికి మొక్కిన మొక్కులు నాకే సరిగా గుర్తులేవు. అలాగని ఉద్యోగం వదులుకోమనే ధైర్యమూ లేదు. తొంభై ఆరు తుపానుకి మా కొబ్బరి చెట్లు సగం పడిపోయాయి. మిగిలినవి కాసే కాయలు చూస్తే జాలేస్తుంది. బిడ్డకి ఏమీ కాకూడదు, ఉద్యోగమూ పోకూడదు. నాకు కావలసింది అంతే.

బుధవారం పొద్దున్న మా ఆయన సత్తిరాజు గారు మంగలి అంజిబాబుని పిలిపించారు. అతను వచ్చి అరుగు కిందే నిలబడ్డాడు. చేతిలో పెట్టె కింద పెట్టలేదు.

"కోడలుగారు నీళ్ళోసుకున్నారు కదండీ. నేను కత్తి పెట్టనండీ ఆయ్."

"ఉద్యోగంరా అంజీ. గెడ్డం ఉంటే రానివ్వరంట."

"రేపొద్దున్న ఏదన్నా అయితే అమ్మగారు నన్నే తల్చుకుంటారండి. ఆవిడ సంగతి తెలిసి కూడా పెట్టమంటారేవిటండీ."

ఆ అమ్మగారు, అంటే నేను, తలుపు వెనకే ఉన్నాను. అతనన్నది నిజమే.

అంజిబాబు వెళ్ళాక మంగరాజు జేబులోంచి కొత్త ప్లాస్టిక్ రేజరు తీశాడు. రెండు బ్లేళ్ళు పక్కపక్కన అతికించినది. "నేనే గీసేసుకుంటానమ్మా" అన్నాడు.

"నీ చేత్తో నువ్వు పెట్టుకుంటే కత్తి కాకుండా పోతుందేవిట్రా?"

ఆ మాటతో మా ఆయనకి ఏదో తట్టింది. లోపలికి వెళ్ళి ట్రంకు పెట్టె అడుగునుంచి మా మావగారి షేవింగు సెట్టు పట్టుకొచ్చారు. ఫ్రెంచి వాళ్ళున్న రోజుల్లో మావగారు యానాం వెళ్ళి కొనుక్కున్నది. అంతా ఇత్తడి. పిడి తిప్పి, విడదీసి, పళ్ళెంలో పేర్చారు.

"ఇందులో కత్తి ఎక్కడుందో చూపించు, రత్నం."

నేను బ్లేడు చూపించాను.

"ఇదా?" అని దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని ఊపారు. ఉల్లిపొరలా వంగింది. "దీనికి సొంతంగా బలవేవీ లేదు. మూతకీ, ఈ కింద రేకుకీ మధ్య పెట్టి, పిడి బిగిస్తే అప్పుడు ఒంగుతుంది. ఒంగితేనే బిగువు. ఇహ ఈ రేకు అంచు చూడు, పళ్ళు పళ్ళుగా లేదూ? చర్మాన్ని ఇవి నొక్కి పడతాయి. వెంట్రుకలు పళ్ళ సందులోంచి దూరి బ్లేడుకి తగుల్తాయి. చర్మం మటుకు పళ్ళ దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి ఇది కత్తి కాదు, దువ్వెన. కడుపుతో ఉన్నవాళ్ళ మొగుడు దువ్వుకోకూడదని ఎక్కడన్నా ఉందా?"

జ్యోతి గుమ్మం పట్టుకుని నవ్వింది. "మీరు ప్లీడరు కావాల్సిందండి మావయ్యగారూ."

"ఆ దువ్వెనేదో ముందు వేరే దానిమీద దువ్వి చూపించండి" అన్నాను.

గెలలోంచి బాగా పండిన చక్కెరకేళి అరటిపండు ఒకటి కోసి తెచ్చి సబ్బు నురగ పూశాను. మా ఆయన సెట్టు మళ్ళీ బిగించి, పండు మీద ఒక్క లాగు లాగారు. తొక్క నిలువునా తెగి గుజ్జు బయటికొచ్చింది.



"పాపిడి కూడా తీసిందండి" అంది జ్యోతి.

నాకు ఆ పండు స్థానంలో నా కొడుకు చెంప కనబడింది. సెట్టు లాక్కుని చెవి దగ్గర పెట్టి ఊపాను. లోపల టకటకమంది. గ్యాసు బండ ట్యూబు రోజూ పడుకునే ముందు లాగి చూసేదాన్ని, కదిలే వస్తువుని నేను నమ్మను. పిడి తిప్పి విప్పాను. మూత లోపలి వైపు గుంటగా ఉంది. రేకుకి ఒక పక్క ఉబ్బు, రెండో పక్క గుంట. గిన్నెలో గిన్నె పెట్టినట్టు ఉబ్బు గుంటలో కూర్చోవాలి. ఈయన రేకుని తిరగేసి, గుంటకి ఎదురుగా గుంట పెట్టారు. మధ్యలో బ్లేడు వంగకుండా, ఆసరా లేకుండా వేలాడుతోంది.

"ఇదేవిటండీ, బోర్లా పెట్టేరు."

"మా నాన్న ఎలా పెట్టేవాడో మర్చిపోయేను" అన్నారాయన, తెగిన పండు ఒలిచి నోట్లో వేసుకుంటూ.

రేకు సరిగా తిప్పి బిగించాను. పిడి తిరుగుతున్న కొద్దీ బ్లేడు రెండంచులూ పళ్ళ మీదికి వాలాయి. చివరికి వెంట్రుకవాసి అంచు మాత్రమే బయటికి కనిపించింది. ఊపి చూస్తే చప్పుడు లేదు. ఇంకో పండు తెచ్చి గీశాను. నురగంతా వచ్చేసింది, తొక్క మీద గీత పడలేదు. మరో రెండు అరటిపళ్ళ మీద చూశాక గానీ నాకు నమ్మకం కుదరలేదు.

"ఇప్పుడు ఒప్పుకున్నట్టేనా?" అన్నాడు మంగరాజు.

"చర్మం తెగదని ఒప్పుకున్నాను. గెడ్డం తీసెయ్యడానికి ఒప్పుకోలేదు."

"దేవుడా" అని వాడు అరుగు మీద కూలబడ్డాడు.

పళ్ళెంలో ఆ సెట్టు చూస్తూ కూర్చున్నాను. చర్మానికి తగలాల్సింది అంచు ఒక్కటే. మిగతాదంతా ఆ అంచుని పట్టుకుని ఉండడానికే. అప్పుడు అడిగాను.

"ఒరేయ్, ఆ మాస్కు ముఖమంతా అతుక్కోవాలా, అంచు ఒక్కటేనా?"

"అంచేనమ్మా. ముక్కు మీంచి చెంపల మీదుగా గెడ్డం కిందికి." చేత్తో గీసి చూపించాడు.

"లోపల వెంట్రుకలు ఉంటే?"

"లోపలున్నా ఫర్వాలేదంట. మీసాలవాళ్ళు పనిచేస్తున్నారు కదా. అంచు కింద మటుకు ఉండకూడదు."

వంటింట్లో ఉన్న గిన్నెలన్నీ వాడి ముఖానికి పెట్టి చూశాను. పెరుగు తోడేసుకునే స్టీలు గిన్నె సరిపోయింది. దాని అంచుకి తడి పసుపు రాసి వాడి ముఖం మీద అద్దాను. ముక్కు మీంచి గడ్డం కిందిదాకా పచ్చటి గుండ్రం పడింది.

"ఈ గీత మీద, గీతకి బయట గీసుకో. లోపలిది ముట్టుకున్నావంటే ఊరుకోను. పక్కలు సవరించినట్టు అవుతుంది గానీ గెడ్డం తీసినట్టు కాదు."

"ప్లీడరు గారి పక్కన ఇంకో ప్లీడరు" అన్నారు మా ఆయన.

వాడు ముందు తన ప్లాస్టిక్ రేజరే పెట్టాడు. ఒక్క గీతకే బ్లేళ్ళ మధ్య వెంట్రుకలు కూరుకుపోయి మొరాయించింది. అప్పుడు యానాం సెట్టు అందుకున్నాడు. పళ్ళ సందుల్లోంచి గడ్డం బారుగా జారి, నురగతో పాటు కింద పడింది. నేను కళ్ళు మూసుకుందామనుకుని, మూసుకుంటే ఏమవుతుందోనని తెరిచే ఉంచాను. ఒక్క చుక్క నెత్తురు రాలేదు. గీత లోపల వేలాడుతున్నదాన్ని మాస్కులో పట్టేటట్టు జ్యోతి కత్తెరతో పొట్టి చేసింది. కత్తెర, కత్తి ఒకటి కాదని ఈసారి నేనే తీర్పు చెప్పాను.

గురువారం సాయంత్రం వాడు వచ్చేదాకా వీధి గుమ్మంలోనే ఉన్నాను. చెంపల మీద రబ్బరు అంచు నొక్కిన గుర్తు ఇంకా ఎర్రగా ఉంది.

"ఊపిరి పీలిస్తే మొహానికి జలగలా పట్టేసిందమ్మా. ఆఫీసరు గారు ఫ్రెంచి గెడ్డం బావుందయ్యా అన్నాడు. సోమవారంనుంచి రమ్మన్నారు."

జ్యోతి వాడికి అన్నం వడ్డించింది. నేను ఎదురుగా కూర్చుని వాడి ముఖం చూస్తున్నాను. నాకు అప్పుడు తట్టింది.

"అవునొరేయ్, అదంత గట్టిగా ఎందుకు అతుక్కోవాలి?"

"బయటి గాలి లోపలికి రాకూడదు కదమ్మా."

"ఏం, ఆ గాలికి ఏవైంది?"

వాడు జ్యోతి వైపు చూశాడు. జ్యోతి పప్పు గిన్నె వైపు చూసింది.

"మామూలుగా ఏవీ ఉండదమ్మా. ఎప్పుడన్నా లీకైతేనే."

"లీకైతే, అది పీలిస్తే?"

"అందుకే కదా మాస్కు ఇస్తున్నారు" అని వాడు పెరుగు కలుపుకున్నాడు.

రెండు రోజులపాటు బ్లేడు గురించి, బిడ్డ గురించి, గేటు గురించి భయపడ్డాను. ఆ మాస్కు అసలు ఎందుకని అడగడానికి నాకు తీరిక దొరకలేదు. లేచి వెళ్ళి సెట్టు తెచ్చి, పిడి మళ్ళీ ఒకసారి బిగించి, వాడి కంచం పక్కన పెట్టాను.

"సోమవారంనుంచి రోజూ గీసుకునే వెళ్ళాలి. గీత మీద చిన్న మోడు మిగిలినా గుమ్మం దాటనివ్వను."

మా ఆయన చెయ్యి కడుక్కుంటూ ఆగిపోయారు. "రోజూనా? మంగళవారం, శుక్రవారం కూడానా?"

మంగళ, శుక్రవారాల్లో ఇంట్లో గోరు తీయడానికి కూడా నేను ఒప్పుకోను.

"గ్యాసుకి వారం తెలుస్తుందేవిటండీ" అన్నాను.

ఆ వచ్చిన మంగళవారం పొద్దున్నే పెరట్లో నురగ గిన్నె పట్టుకుని నిలబడ్డాను. మనవరాలు పుట్టేదాకా, పుట్టాక కూడా, ఏ వారమూ మానలేదు.