బయమ్మ వంతు

సుబ్బరత్నమ్మ టీచర్ పిల్లల మధ్య తేడా చూపిస్తుందని ఎవరైనా అంటే ఆ ఊళ్లో నమ్మేవాళ్లు లేరు. ఆమె కూడా నమ్మి ఉండేది కాదు. ఎండాకాలంలో తన కూజాలో నీళ్లు పిల్లలకు పోసేసి తాను దాహం ఓర్చుకున్న మనిషి. అలాంటి మనిషి ఒక పిల్లకు చేసిన అన్యాయం చూడబోతే చాలా చిన్నది. చిన్నది కాబట్టే ఎవరి కంటా పడలేదు. ఆమె కంట అసలే పడలేదు.

ధర్మవరానికి దగ్గర్లోనే ఆ బడి. ఎనభయ్యారులో బడికి కంప్యూటర్ వచ్చింది. హెడ్మాస్టర్ ఓబుళేసు సారు దానికి టెంకాయ కొట్టి, బొట్టు పెట్టి, మీద దుప్పటి కప్పి, గదికి తాళం వేశాడు. పై క్లాసుల అయ్యవార్లు ఆ గది ఛాయలకు కూడా పోలేదు. చెడిపోతే ఎవరి మెడకు చుట్టుకుంటుందో అని వాళ్ల భయం. డ్రాయింగు చెప్పే సుబ్బరత్నమ్మ ఒక్కతే అనంతపురం పోయి శిక్షణ తీసుకుంది. తిరిగొచ్చాక, ఐదో క్లాసు పిల్లలకు దీని మీద బొమ్మలు నేర్పుతానని పట్టుపట్టింది. ఓబుళేసు సారు గొణిగాడు గానీ, ఆమె పట్టు పడితే వదిలే రకం కాదు.

వరసగా వానలు లేని యేళ్లవి. డ్రాయింగు పుస్తకం తెమ్మంటే పిల్లలు తల దించుకునేవాళ్లు. ఈ పెట్టెలో అయితే రంగులు కొననక్కర్లేదు, కాగితం చిరుగుతుందన్న బాధ లేదు. తప్పు పోతే చెరిపేసి మళ్లీ గీసుకోవచ్చు, తిట్టేవాళ్లు లేరు. తిట్లు తినకుండా తప్పు చేసే చోటు పిల్లలకు ఒకటి ఉండడం ఆమెకు తెగ నచ్చింది.

మొదటి పాఠం పెట్టె దగ్గర కాదు, వరండాలో. నేల మీద సుద్దతో గళ్లు గీసింది. ఎడమవైపు కింద మూల నుంచి లెక్క మొదలు. ఇన్ని గళ్లు పక్కకు, ఇన్ని గళ్లు పైకి, అక్కడ ఒక శనక్కాయ గింజ పెట్టండి అంది. గింజ పక్కన గింజ చేరి చిలక తయారైంది. ఆమె అటు తిరిగి ఇటు చూసేలోపల చిలక తోక మాయం. రామాంజులు బుగ్గ ఉబ్బి ఉంది. అందరూ ఒకటే నవ్వు. తెర మీద కూడా ఇంతేనర్రా, గింజలకు బదులు వెలుగు చుక్కలు, వాటినైతే వీడు తినలేడు అని ఆమె కూడా నవ్వింది.

తర్వాత ఒక చిక్కు ప్రశ్న వేసింది. గళ్లన్నీ నలుచదరం కదా, మరి గుండ్రటి సూర్యుణ్ణి ఎట్లా గీయాలి? పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వెనక వరసలోంచి బయమ్మ లేచింది. అవ్వ పేరు పెట్టుకున్న సన్నటి పిల్ల.

"గుండ్రం అనేది ఉండదు టీచర్. అన్నీ మెట్లే. దూరం నుంచి చూస్తే గుండ్రంగా కనపడతాది."

సుబ్బరత్నమ్మకు ఒళ్లు పులకరించింది. ఆ పిల్ల తండ్రి గంగాధరప్ప పట్టుచీరల అంచులకు గ్రాఫు గీస్తాడు. ఆయన చిన్న చిన్న గళ్లు నింపితే, వాటిని చూసి మగ్గానికి తగిలించే అట్టలకు చిల్లులు కొడతారు. ఆ గళ్ల పక్కనే పాకి, ఆ గళ్ల పక్కనే నడక నేర్చిన పిల్ల ఇది. దానికి నేర్పేదేముంది అనుకుంది టీచర్. ఆ అనుకోవడంలోనే వచ్చింది తంటా అంతా.

కంప్యూటర్ ఒకటి, పిల్లలు గది నిండా. కరెంటేమో మధ్యాహ్నం కాసేపుండి పోయేది. ఎవరి బొమ్మ వాళ్లు తండ్రుల దగ్గరో, కొట్లోనో అడుక్కున్న గళ్ల కాగితం మీద గీసుకుని రావాలి. గీత యాడ మొదలైందో, యాడ ఆగిందో గళ్లు లెక్కపెట్టి, గీయమనే ఇంగ్లీషు మాట పక్కన ఆ అంకెలు పెట్టెలో కొట్టాలి. పిల్లలకు లెక్క తప్పేది. మేక కాలు మేక తలలోంచి మొలిచేది. ఒకరి బొమ్మ సరిచేసేలోపల కరెంటు పోయేది, మిగిలినవాళ్లు ఉసూరుమంటూ లేచిపోయేవాళ్లు.

ఒకరోజు సుబ్బరత్నమ్మ బయమ్మను బల్ల పక్కన నిలబెట్టి, నువ్వు అంకెలు చెప్పు, వాళ్లు కొడతారు అంది. ఇంకేముంది, పని జోరందుకుంది. కాగితం మీద ఒకసారి కళ్లు తిప్పి బయమ్మ గడగడా చెప్పేది. ఎడ్లబండి వచ్చింది, మేక వచ్చింది, అన్ని చక్రాలూ ఒకే పక్కనున్న రామాంజులు బస్సు వచ్చింది. చదువు రాదని రోజూ దెబ్బలు తినే పిల్లలు తమ బొమ్మ వెలుగుతూ ఉంటే నోళ్లు తెరుచుకుని చూశారు. ఆ మొహాలు చూసి టీచర్‌కు కడుపు నిండిపోయింది.

బయమ్మ దగ్గరా ఒక బొమ్మ ఉంది. మగ్గం పైన బల్బు, దాని చుట్టూ పురుగులు, గోడ మీద కాచుకున్న బల్లి. దాన్ని మడిచి లంగా నడుముకు దోపుకుని వచ్చేది. నా వంతెప్పుడు టీచర్ అని అడిగినప్పుడల్లా సుబ్బరత్నమ్మది ఒకటే జవాబు.

"నీకొచ్చు కదమ్మే. రానోళ్లది కానీ, ఆమీద నువ్వు కూర్చుందువులే."

పిల్ల తల ఊపేది. ఒకసారి వంతు రానే వచ్చింది, కూర్చోబోతే కరెంటు పోయింది. ఇంకోసారి కుర్చీలో కూర్చుంది కూడా. నా బొమ్మ నిన్న సగమే అయిందని ఎవరో చిన్నపిల్ల ఏడుపు అందుకుంటే టీచర్ బయమ్మ వైపు చూసింది. చూసిందంతే. బయమ్మే లేచి చోటిచ్చింది. బంగారు తల్లివే నువ్వు అని సుబ్బరత్నమ్మ దాని తల నిమిరింది. పెద్ద మెచ్చుకోలే! అడిగితే ఆగమంటుంది, లేచిపోతే బంగారమంటుంది. ఆ తర్వాత పిల్ల అడగడం మానేసింది. మానేసిందన్న సంగతి కూడా టీచర్ గమనించలేదు.

ఎండలు ముదిరే ముందు హైదరాబాదు నుంచి ఒక ఆఫీసరు చూడటానికి వచ్చాడు. ఓబుళేసు సారు కొత్త పంచె కట్టి గుమ్మంలోనే కాచుకున్నాడు. పిల్లలు ఒక్కొక్కరే కూర్చుని బొమ్మలు చూపించారు. అంకెలన్నీ ముందే కంఠతా పట్టి ఉన్నారు కాబట్టి ఆరోజు బయమ్మ చెప్పే పని కూడా లేదు, ఊరికే గోడవారగా నిలబడింది. ఇంత చిన్నపిల్లలా, ఈ ఊళ్లోనా అని ఆఫీసరు ఆశ్చర్యపోయాడు. వెళ్లబోతూ బయమ్మను చూసి, నువ్వు కూడా రా పాపా, ఒక్క గీత గీయి చాలు అన్నాడు.

బయమ్మ కూర్చుంది. ఇన్నాళ్లూ పక్కనుంచి చూసిందే తప్ప ఎదురుగా కూర్చుని ఎరగదు. మీటల మీద అక్షరాలేమో వరసగా లేవు. వేలు పైకి లేపి అటూ ఇటూ వెతికింది. ఒకటి నొక్కింది, తప్పు. దాన్ని చెరపడం ఎట్లాగో తెలియలేదు. పిల్లలు కిసుక్కుమన్నారు. రామాంజులు పాపం సాయం చేయబోయాడు, ఆఫీసరు చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. బయమ్మ చెవులు ఎర్రబడ్డాయి. ఆఫీసరు మంచివాడే, దాని భుజం తట్టి లేపాడు.

"పర్లేదమ్మా, మెల్లగా నేర్చుకో" అని, ఓబుళేసు సారు వైపు తిరిగి, "చదువులో వెనకబడ్డవాళ్లను కూడా కూర్చోబెడుతున్నారు, అది నాకు నచ్చింది" అన్నాడు.

సుబ్బరత్నమ్మ నోటిదాకా వచ్చింది మాట. ఈ గదిలో ఒక్క బొమ్మ కూడా ఈ పిల్ల లేకుండా రాలేదండీ అని. కానీ అంటే ఏమవుతుంది? అయితే మిగిలినవాళ్లకు సొంతంగా రాదన్నమాట అంటాడేమో, క్లాసు ఎత్తేస్తాడేమో. అప్పుడే ఆయన, ఈ క్లాసు ఆపొద్దని పైకి రాస్తాను అంటున్నాడు. ఆమె మాట మింగేసింది. బయమ్మ ఆమె వైపే చూస్తోంది. ఆమె చూపు తిప్పుకుంది.

ఆ పూట ఇంటికి పోయి, పిల్లలందరికీ న్యాయం చేస్తున్నాననుకుంటూ, వచ్చినదాన్నే రానిదాన్ని చేశాను కదా అని ఏడ్చింది. తిట్టుకుంది. తెల్లారి మధ్యాహ్నం పిల్లలందర్నీ ఆటకు పంపించేసి బయమ్మను ఒక్కదాన్నీ గదిలోకి పిలిచింది. ఈరోజు కరెంటున్నంతసేపూ ఇది నీదే, ఎవరూ రారు, ఎన్ని తప్పులైనా పోనీ అంది. నిన్న నేను నోరు తెరవకపోవడం తప్పమ్మా అని కూడా అంది. పిల్ల వెళ్లి కుర్చీలో కూర్చుంది. చేతులు ఒళ్లోనే పెట్టుకుంది.

"నొక్కు బయమ్మా."

"రామాంజుల్ని పిల్చండి టీచర్. వాడు నొక్కతాడు, నేను చెప్తా."

"వాడెందుకే? నీ వంతు ఇది."

"నాకు రాదు టీచర్. నిన్న వచ్చిన సారు చూసినాడు కదా."

కోపం లేదు ఆ గొంతులో, అలక లేదు. అందరికీ తెలిసిన సంగతి చెప్పినట్టు చెప్పింది. కోపగించుకుని ఉంటే బాగుండునని సుబ్బరత్నమ్మకు అనిపించింది. నీకొచ్చు తల్లీ, నీకొచ్చినంత ఎవరికీ రాదు అని ఎంతో చెప్పింది. బతిమాలింది. చివరికి వంగి, దాని చూపుడు వేలు తన చేత్తో పట్టుకుని అక్షరం మీద పెట్టి నొక్కింది. రేషను డిపోలో వేలిముద్రకు ఇచ్చినట్టు ఆ పిల్ల వేలు అప్పగించింది. ఒక్కొక్క అక్షరమే నొక్కించగా తెర మీద తెల్లటి గీత ఒకటి పడింది. బయమ్మ తెర వైపు చూడలేదు. రామాంజులు కోసం తలుపు వైపు చూస్తోంది.

ఇంక చేసేదేమీ లేక సుబ్బరత్నమ్మ వాణ్ణి కేకేసింది. వాడు పరుగెత్తుకొచ్చాడు. బయమ్మ వెంటనే లేచి కుర్చీ ఇచ్చేసింది.