రిజిస్టరులో నేను ఖాళీ

నేను ఒక నాటు తుపాకీని. ఒంటిగొట్టం, టేకు పిడి, మూతిలోంచి మందు దట్టించే పాత రకం. నన్నూ నా మనిషినీ నాశనం చేసినవాడి పేరు దాచాల్సిన అవసరం నాకు లేదు. రైటర్ పెంచలయ్య. మా మండలం పోలీసు స్టేషన్లో రిజిస్టర్లు రాసే హెడ్ కానిస్టేబులు. అతని చేతిరాత చూసి కొత్త కానిస్టేబుళ్ళు ముచ్చటపడతారు. ఆ అందమైన చేతిరాతతో రెండక్షరాలు రాశాడు. ఆ రెండక్షరాలూ అబద్ధం.

ముందు నేనెక్కడిదాన్నో చెబుతాను, లేకపోతే దొంగతుపాకీ అనుకుంటారు. నన్ను చేసింది కమ్మరి మౌనాచారి. లైసెన్సు కాగితం చూపిస్తేగాని కొలిమి ముట్టించనన్నాడు. గుర్రప్ప అనే రైతు కాగితం తెచ్చాడు. ‘పంట రక్షణకు మాత్రమే’ అని దాని మీద ఉంది. కొండవార వంకగట్టు కింద అతనికి వేరుశనగ చేను, కొండ మీద అడవిపందుల మందలు. మౌనాచారి నా గొట్టం మీద నాలుగంకెల నంబరు చెక్కాడు. నాకు వచ్చిన చదువంతా ఆ నాలుగంకెలే.

రూళ్ళంటే నాకు కోపమని అనుకోకండి. మందు పొయ్యికి దూరంగా పెట్టాలని లైసెన్సులోనే ఉంది. గుర్రప్ప వినలేదు. వానాకాలం మందు చెమ్మగిల్లుతుందని సొరబుర్రలో పోసి సరిగ్గా పొయ్యి మీద ఉట్టికి కట్టాడు. ఊళ్ళో అందరూ చేసే పనే అది. ఒక ముసురు రోజున నిప్పురవ్వ ఎగిరింది. పైకప్పు పోయింది, గుర్రప్ప కుడిచేతి మూడు వేళ్ళు పోయాయి. ఆ తర్వాత ఊరందరికీ అతనే రూలు చెప్పేవాడు, మిగిలిన రెండు వేళ్ళు ఆడిస్తూ.

గుర్రప్ప తర్వాత లైసెన్సు కొడుకు గంగులు పేరు మీదికి మారింది. గంగులు జాగ్రత్త మనిషి. మందును రేకు డబ్బాలో పోసి, చేని గట్టున రాతిపెట్టెలో దాచేవాడు. పొద్దు వాలేటప్పుడు నన్ను దట్టించి మంచె మీద పెట్టుకునేవాడు. పందుల్ని చంపిందీ లేదు, గాల్లోకి ఒక్కటి పేలిస్తే కొండెక్కేవి. అవి రాని రోజున ఆ మందు నా కడుపులోనే ఉండేది. మూతిలోంచి దట్టించిన మందును పేల్చైనా వదిలించాలి, లేదంటే నీళ్ళు పోసి రోజుల తరబడి నానబెట్టి కక్కించాలి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. నా కథంతా దీని మీదే నిలబడింది.

ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పగించాలి. ఖాళీగా అప్పగించాలి. మంచిదే. నాటుబాంబులకు లైసెన్సూ లేదు, రసీదూ లేదు కాబట్టి అవి హాయిగా ఊళ్ళోనే ఉండి ప్రచారం చేసుకుంటాయి. చేను కాపలా కాసేవాళ్ళం మాత్రం సంచుల్లో చుట్టుకుని బస్సెక్కుతాం.

ఆ ఏడు నోటీసు గడువు చివరిరోజున అందింది. ముందు రోజే గంగులు నన్ను దట్టించాడు. చేనిలో పేల్చేసి పోదామనుకుంటే, ఎన్నికల కోడ్ అమల్లో ఉంది, చప్పుడు వినపడితే కేసని నోటీసు తెచ్చినవాడు బెదిరించాడు. ఉన్నది ఉన్నట్టు స్టేషన్లోనే చెబుదామని బయలుదేరాడు గంగులు.

“సార్, లోపల మందుంది. ఒక కానిస్టేబుల్ని తోడు పంపండి. వంక కాడికి పోయి గాల్లోకి పేల్చేసి తెస్తా” అన్నాడు.

పెంచలయ్య రాస్తున్న పెన్ను ఆపలేదు. “ఏమప్పా గంగులూ, కోడొచ్చింది తెల్దా? ఇప్పుడు తుపాకి పేలిందంటే రేపు పేపర్లో నా ఫోటో పడుతుంది. అదేమన్నా పెండ్లి ఫోటోనా, ఫ్రేము కట్టించుకోడానికి?”

“అయితే మందుందని రాసుకోండి సార్.”

“యాడ రాయాల? ఈడుండేది ఒకటే గడి. తొంభై మూడు తుపాకులొచ్చినాయి, తొంభై మూడూ ఖాళీ. నీ ఒక్కదానికి కొత్త గడి గీయమంటావా?”

“రేపు నా మీదికి రాదు గదా సార్?”

“నేనుండా గదా. పెట్టు సంతకం.”

గంగులు పెట్టాడు. అధికారి నోట ‘నేనుండా’ అనే మాట వస్తే అది కాగితం కంటే గట్టిదని నమ్మడం మా రైతులకు తాతల నాటి జబ్బు. తొంభై నాలుగో వరుసలో నా నంబరు, దాని పక్కన ‘ఖాళీ’. నా మెడకు అట్టముక్క కట్టి సామాన్ల గదిలో నిలబెట్టారు. గోడకవతల కానిస్టేబుళ్ళు టీ కాచుకునే స్టవ్వు. కడుపులో నిప్పుకోసం కాచుకున్న మందుతో, మెడలో ఖాళీ అనే బిళ్ళతో నేను నెలలు గడిపాను. నన్ను చూసి భయపడాల్సినవాళ్ళు నాకు ఆనుకుని బీడీలు కాల్చారు.

ఆ ఎన్నికలైపోయాయి. నన్ను తిరిగి ఇచ్చేలోపే పంచాయతీ ఎన్నికలు ప్రకటించారు. గంగులు మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ పెంచలయ్య “పైనుంచి ఆర్డర్ రాల్యా” అన్నాడు. వేరుశనగ నేలలోకి ఊడలు దిగింది, కాయ గట్టిపడింది. పందులకు మాత్రం నోటిఫికేషన్ అందలేదు. గంగులూ భార్య సాలమ్మా డబ్బాలు వాయించి కాపలా కాశారు. మొదటి వారం పందులు ఆగాయి. తర్వాత వాటికి డబ్బాల పాట అలవాటైపోయింది.

చివరికి ఆర్డర్ వచ్చింది. ఇచ్చేముందు కొత్త ఎస్సై తుపాకులన్నీ స్వయంగా చూస్తానన్నాడు. చదువుకున్న కుర్రాడు. నా గొట్టంలోకి ఇనపకడ్డీ వదిలాడు. ఖాళీ తుపాకీలో కడ్డీ మొత్తం మునగాలి. నాలో జానెడు పైకి నిలిచింది. నన్ను తీసుకుపోదామని వచ్చి నిలబడ్డ గంగులు వైపు తిరిగాడు.

“అమెరికాలో బోస్టన్ అనే పట్నంలో రెండొందల ఏండ్ల కిందటే రూలు పెట్టినారయ్యా, మందు దట్టించిన తుపాకి ఇంట్లో ఉంటే జరిమానా అని. ఇల్లంటుకుంటే ఆర్పేదానికి వచ్చినోళ్ళు సస్తారని. ఇంకొన్ని ఊర్లల్లో బయటోడు వస్తానే తుపాకి అప్పజెప్పి పోయేటప్పుడు తీసుకోవల్ల. నువ్వు ఏకంగా పోలీసుస్టేషన్లోనే బాంబు పెడ్తివి” అన్నాడు ఎస్సై.

గంగులు చేతులు కట్టుకున్నాడు. “రూలు మంచిదే సార్. మా నాయన మూడు వేళ్ళు పోగొట్టుకున్నాడు, నాకు తెల్దా? ఆ పట్నంలో ఎవురన్నా మందుందని నిజం చెప్తే రాసుకుంటారా సార్? నేను చెప్పినా. రైటర్ సార్‌నే అడగండి.”

అందరూ పెంచలయ్య వైపు తిరిగారు. అప్పుడొక్క మాట చాలు. ‘అవును సార్, చెప్పినాడు’ అంటే అతనికి మహా అయితే ఒక మెమో. పెంచలయ్య రిజిస్టరు తెరిచి, వేలు పెట్టి చూపించాడు.

“ఖాళీ అనే ఉంది సార్. సంతకం ఆయప్పదే.”

నాకు అప్పుడొక్క రవ్వ దొరికి ఉంటే! మనిషిని కొట్టేదాన్ని కాదు, ఆ రిజిస్టరును కొట్టేదాన్ని.

తప్పుడు సమాచారమిచ్చాడని గంగులు లైసెన్సు రద్దయింది. నా మూతిలో నీళ్ళు పోసి మందు నానబెట్టి కడిగేశారు. పేలాల్సినదాన్ని కక్కించారు. నాలుగు రోజుల తర్వాత సాలమ్మ ఒక్కతే స్టేషనుకు వచ్చింది. కొంగులోంచి వేరుశనగ చెట్టు ఒకటి తీసి, మట్టితో సహా రిజిస్టరు మీద పడేసింది. వేళ్ళకు ఒక్క కాయ లేదు.

“రాయి సామీ. ఇది గూడా ఖాళీనే. నీ రాత బాగుంటాదంట గదా, రాయి.”

పెంచలయ్య మట్టి దులిపాడు. “ఏమ్మా, కాగితాలు పాడైతే ఎవరిది బాధ్యత?”

“పందుల్ని పిలిపించి సంతకం తీసుకో” అని సాలమ్మ వెళ్ళిపోయింది.

ఆ మరుసటి ఏడాది కూడా కాయంతా పందులకే పోయింది. మూడో ఏడు గంగులు విత్తనం వేయలేదు, చేను అమ్మేశాడు. ఇప్పుడు టౌన్లో ఏదో అపార్టుమెంటుకు కాపలా అట, చేతిలో కర్ర. రద్దయిన తుపాకుల్ని ఇక్కడికి తెచ్చిన కానిస్టేబులు చెప్పాడు. పెంచలయ్యకు ప్రమోషన్ వచ్చిందనీ అతనే చెప్పాడు.

నేను జిల్లా కేంద్రంలో ఒక షెడ్డులో, గొట్టాలు కోసిన తుపాకుల గుట్ట మీద పడివున్నాను. రంపం నా వరస దాకా ఇంకా రాలేదు. కోస్తే కోయనీ, ఇప్పుడు నేను నిజంగానే ఖాళీ. కానీ ఆ రిజిస్టరు ఎప్పుడైనా ఎవరైనా తెరిస్తే, తొంభై నాలుగో వరుసలో ఆ రెండక్షరాలు కొట్టేసి, గంగులుకు ఏం పోయిందో అక్కడ రాయండి. గడి లేకపోతే గీయండి. వంకగట్టు కింద, సర్వే నంబరు రెండువందల పద్నాలుగులో, రెండెకరాల ముప్పై ఏడు సెంట్లు.